పెరటాసి రొయ్యలు

పెరటాసి మూడో శనివారం పొద్దున యోగానందకు ఉన్న పని ఒక్కటే. తిరుపతి బస్టాండుకు పోయి, చెన్నై నుంచి వచ్చే దామోదరాన్ని ఇంటికి తీసుకొచ్చి, అద్దాల తొట్టెలోని ఎర్ర రొయ్యలు చూపించాలి. మూడేళ్లుగా ప్రతి ఈతలోనూ ముదురు ఎరుపు పిల్లలను ఒక తొట్టెలో ఉంచి, వెలిసినవాటిని పక్క తొట్టెలోకి నెడుతూ వచ్చాడు. ఇప్పుడు కుంకుమ లాంటివి నలభై తేలాయి. దామోదరం మెచ్చితే చెన్నై రంగుచేపల అంగళ్లలో వాటికి చోటు దొరుకుతుంది. అవే పోతే మళ్లీ మూడేళ్లు.

తల్లి దేవకమ్మకు మాత్రం అవి నీటి పురుగులని చెప్పి పెట్టాడు. పెరటాసి నెలంతా చేప, మాంసం లాంటి కౌసును గడప తొక్కనివ్వని మనిషికి ఇంకేం చెప్తాడు పాపం?

నిజం చెప్పడానికి ఆమె మేనల్లుడు శ్రీనివాసులు ఉండనే ఉన్నాడు. స్వామికి నైవేద్యంగా వేసే తళిగ భోజనానికని ముందే దిగినవాడు, బావ బస్టాండుకు పోగానే తొట్టెలోకి వంగి చూశాడు.

"అత్తా, బావ రొయ్యల్ని బలే సాకినాడే."

"ఏందబ్బా నువ్వనేది? స్వామికి తళిగ ఏసే దినం ఇంట్లో రొయ్యలా?"

చంపితే పాపం, ఉంచుకుంటే అంతకన్నా పాపం. ఈ నెలలో కౌసు ఇంట్లోకొస్తే ఆ పట్టింపు లేని పక్కింటి నర్సు రెబెకాకు ఇచ్చేయడం ఆ వీధి ఆనవాయితీ. దేవకమ్మ రెండు తొట్టెల్లోవీ ఒకే బక్కెట్లోకి దేవించి, శ్రీనివాసులు చేత పంపించి, ఇల్లు కడిగి మళ్లీ తలకు పోసుకుంది.

పది గంటలకు అతిథితో వచ్చిన యోగానంద ఖాళీ తొట్టెలు చూసి నిలువునా నీరైపోయాడు.

"అమ్మా, యాడబోయినాయి?"

"రెబెకాకిచ్చినా. పురుగులని నాకే సెప్తావా?"

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. వెనకాలే దామోదరం, శ్రీనివాసులు. రెబెకా వంటింట్లోంచి వెల్లుల్లి, మిరియాల ఘుమఘుమ వస్తోంది. యోగానంద గుమ్మంలోంచే కేకేశాడు.

"పెద్దమ్మ పంపిందన్నా," అంటూ రెబెకా గిన్నెతో వచ్చింది. "ఇంత సన్నవి యాడ కొన్నారు? పిడికెడు కూడా కాలే."

"అన్నీ ఏయించేసినావా తల్లీ?"

"తెల్లగా ఉన్నవే ఏయించినా. ఎర్రటివాటిని సూస్తే బయమేసింది. రొయ్య ఉడికినాక కదా ఎర్రబడేది? ఇవి పచ్చివే ఎర్రగా ఉంటే, అంగట్లో రంగు పూసినారనుకున్నా. నానితే దిగుతుందేమోనని దొడ్లో తొట్టిలో ఏసినా. గంటనుంచి సూస్తా ఉండా, సుక్క రంగు కూడా దిగలే."

దొడ్లో సిమెంటు తొట్టి గోడలకు పట్టిన నాచును నలభై ఎర్ర రొయ్యలూ నింపాదిగా మేస్తున్నాయి. యోగానందకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వేగిపోయినవి ఎలాగూ తను పక్కకు నెట్టినవే. రెబెకా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చినంత పనిచేశాడు.

దామోదరం తొట్టి మీదికి వంగి చాలాసేపు చూశాడు. "వెలిసింది ఒక్కటీ లేదే. ఇంత బాగా ఏరింది ఎవరప్పా?"

యోగానంద నోరు తెరిచేలోపే శ్రీనివాసులు రెబెకాను చూపించాడు.

రొయ్యలను చెన్నైకి పంపడానికి దామోదరం అక్కడికక్కడే ఒప్పుకున్నాడు, ఇకమీదట ఏరే పని రెబెకాదే అన్న షరతు మీద. యోగానందకు బక్కెట్టు మోసే పని దక్కింది.