పచ్చచుక్క భోజనం

మీ కడుపులో ఏదైనా తేడా చేస్తే దయచేసి తిన్న తిండిని అనుమానించకండి. కడుపునే అనుమానించండి! మన దేశంలో తిండి ఇప్పుడు పూర్తిగా సురక్షితం. ఈ మాట నేను గాలిలోంచి పట్టుకొచ్చింది కాదు. సాక్షాత్తూ జాతీయ ఆహార సురక్షా సూచీల కార్యాలయం చెబుతోంది. అందులో మా బావమరిది పనిచేస్తాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

తిండి మంచిచెడ్డల్ని అంకెల్లో కొలిచే ఈ సూచీలు లేని రోజుల్లో మనం ఎంత అజ్ఞానంలో బతికామో తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కూర పాడైందో లేదో తెలియాలంటే వాసన చూసేవాళ్లం. ఛీ! ముక్కు కూడా ఒక పరికరమేనా? దానికి జలుబు చేస్తుంది. మా ఆవిడైతే గిన్నె మూత తీసి ఒక్క చూపు చూసి "పారబోసెయ్యండి" అనేది. ఆ చూపును సగటు కట్టి శాతాల్లో చెప్పడం ఎవరి తరం?

అందుకే మేధావులు ఏసీ గదిలో కూర్చుని తలలు బద్దలు కొట్టుకున్నారు. మొదట జబ్బుపడ్డవాళ్లను లెక్కపెడదామనుకున్నారు. తీరా మొదలుపెట్టాక ఏం తేలింది? ఎంత శ్రద్ధగా లెక్కపెడితే అంతమంది రోగులు బయటపడుతున్నారు! ఇదేదో ప్రమాదకరమైన పద్ధతని వెంటనే మానేశారు. మానగానే దేశం కోలుకుంది.

తరువాత సబ్బు. హోటల్లో చేతులు కడుక్కునే చోట సబ్బు ఉంటే మార్కు, లేకపోతే సున్నా. మా వీధి చివరి హోటలాయన మార్కు పోతుందన్న భయంతో సబ్బును కాగితమైనా విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాడితే అరిగిపోదూ? సబ్బును కాదు, చేతులు కడిగారా లేదా అన్నది చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. దానికి చేతుల దగ్గరికి వెళ్లాలండీ! ఆఫీసు పై అంతస్తులో ఉంది. అక్కణ్నుంచి చేతులు కనబడవు.

ఈ చిక్కులన్నిటికీ మా బావమరిది ఒక్కదెబ్బతో విరుగుడు కనిపెట్టాడు. ఫ్రిజ్ చల్లదనం! ప్రతి బడి వంటగదికీ ఒక ఫ్రిజ్ ఇచ్చారు. అందులో ఒక థర్మామీటరు పెట్టారు. లోపలి చల్లదనం ఎంతో అది దానంతటదే ఆఫీసుకు కబురు పంపుతుంది. అయిదు డిగ్రీల లోపు ఉంటే గోడమీది పెద్ద బోర్డులో ఆ బడికి పచ్చచుక్క. దాటితే ఎర్రచుక్క, దాని వెనకే హెడ్మాస్టరుకు నోటీసు. ఎవరూ ఏ వంటగదికీ వెళ్లక్కర్లేదు, ఏ గిన్నె మూతా తీయక్కర్లేదు. బోర్డు మొత్తం పచ్చబడిన రోజున మా వాడికి పెద్ద కుర్చీ ఖాయమని ఆఫీసంతా అనుకునేవారు. మా అమ్మాయి వాడికి బోర్డు మామయ్య అని పేరు పెట్టింది.

ఇంత పచ్చని రోజుల్లో ఒకనాడు మా అమ్మాయి బడినుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే వాంతి చేసుకుంది. చీకటి పడేసరికి పిల్ల తోటకూర కాడలా వాలిపోయింది. మోసుకుని క్లినిక్‌కు పరిగెత్తాం. అక్కడ వరండా నిండా అదే బడి పిల్లలు, పక్కన బకెట్లు పట్టుకున్న తల్లులు!

డాక్టరమ్మ అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. "మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా?"

అందరూ ఒకే జవాబు చెప్పారు. "బళ్లో చికెన్."

బోర్డు మామయ్య పడుతూ లేస్తూ వచ్చాడు. మేనకోడలంటే వాడికి ప్రాణం. నుదుటిమీద చెయ్యివేసి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ వెంటనే జేబులోంచి ఫోన్ తీసి చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"బడి కాదక్కా. ఊళ్లోకెల్లా పచ్చటి బడి అది. ఇవాళ కూడా చుక్క చెక్కుచెదర్లేదు. ఇంట్లోనే ఏదో తినుంటుంది."

చూశారా, నమ్మకమంటే అదీ! కళ్లెదుట పిల్ల మెలికలు తిరుగుతున్నా చుక్కను శంకించలేదు. మా ఆవిడకు అంతటి శాస్త్రీయ దృష్టి లేదు.

"నా వంటనంటావట్రా?" అని తమ్ముడి మీద విరుచుకుపడింది. "రేపు మధ్యాహ్నం మిగతా పిల్లలు మళ్లీ అక్కడే తింటారు. పొద్దున్నే నాతో రా. ఆ వంటగది సంగతేంటో చూద్దాం."

"నేనా? వంటగదికా?" అని మా వాడు తెల్లమొహం వేశాడు. పాపం, ఇన్నేళ్ల సర్వీసులో వాడెప్పుడూ వంటగది గడప తొక్కలేదు.

మర్నాడు పిల్లను మా అమ్మకు అప్పగించి ముగ్గురం వెళ్లాం. సూచీల ఆఫీసు నుంచి సార్ వచ్చారని తెలిసి వంటావిడ పొంగిపోయింది. నడుముకు వేలాడుతున్న తాళంచెవితో ఫ్రిజ్ తెరిచింది. లోపల తళతళలాడుతోంది. చల్లటి గాలి మొహానికి తగిలింది. అంతకుమించి అందులో ఏమీ లేదు. మంచినీళ్ల సీసా కూడా లేదు!

"చూశారుగా సార్, ఎంత చల్లగా ఉందో! ఇంక మూసేస్తా, డిగ్రీ పెరిగిపోద్ది."

"మరి వంటేదమ్మా?" అంది మా ఆవిడ.

వంట కిటికీ పక్క బల్లమీద ఎండ కాచుకుంటోంది. అంతమందికి పొద్దున్నే వండే టైముండదు కనుక ముందురోజు సాయంత్రమే వండిపెడుతుందట. రాత్రంతా అక్కడే ఉంచి, మధ్యాహ్నం కాస్త వెచ్చబెట్టి వడ్డిస్తుందట.

"ఫ్రిజ్‌లో పెట్టొచ్చు కదమ్మా!"

"అమ్మో! మొదట్లో పెట్టేదాన్నమ్మా. గిన్నె పెట్టగానే డిగ్రీ పెరిగి ఎర్రచుక్క, నోటీసు! హెడ్మాస్టరుగారు నామీద ఒంటికాలి మీద లేచారు. అప్పట్నుంచి ఇంకెవర్నీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. సార్‌వాళ్ల ఆఫీసు నుంచి షీల్డు కూడా వచ్చింది."

షీల్డు ఫ్రిజ్ నెత్తిమీదే ఉంది. దానిమీద మా బావమరిది సంతకం ఉంది.

మా ఆవిడ గిన్నె మూత తీసి ఒక్క చూపు చూసింది. "అటువైపు పట్టరా" అంది. అక్కా తమ్ముడూ కలిసి ఆ గిన్నెను పెరట్లో బోర్లించారు. ఆ పూట పిల్లలకు అప్పటికప్పుడు గుడ్లు ఉడికించి పెట్టారు. ఆ సాయంత్రం మర్నాటి కోసం వండినదాన్ని చిన్న గిన్నెల్లోకి సర్ది, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టించాడు మా వాడు. తలుపు తీసి గిన్నెలు లోపల పెడుతుంటే వంటావిడ చూడలేక మొహం తిప్పుకుంది.

అంతే, బోర్డుమీద ఎర్రచుక్క వెలిగింది! అదీ ఎప్పుడు? దేశమంతా పచ్చబడిందని చూపించడానికి పెద్ద పెద్ద అతిథుల్ని పిలిచిన వారంలో. పెద్దాఫీసరు మా వాణ్ని గదిలోకి పిలిపించాడు.

"ఏంటయ్యా ఆ ఎర్రచుక్క? మొహమ్మీద కురుపులా!"

మా వాడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ధైర్యం చేశాడు. "సార్, ఆ ఒక్క ఫ్రిజ్‌లోనే తిండి ఉంది సార్. పచ్చగా ఉన్నవన్నీ ఖాళీవేమోనని నా భయం. మనం అన్ని వంటగదులకీ వెళ్లి చూడాలి సార్."

పెద్దాఫీసరు మనసున్న మనిషి.

"ఆ బళ్లో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"నా మేనకోడలు సార్."

"ముందే చెప్పవేమయ్యా! ఆ బడిని బోర్డులోంచి తీయించేద్దాం. పిల్ల హాయిగా తింటుంది, బోర్డు హాయిగా ఉంటుంది."

అలాగే తీయించేశారు. అతిథులు వచ్చారు, పచ్చటి బోర్డు చూసి చప్పట్లు కొట్టారు. మా వాడికి పెద్ద కుర్చీ వచ్చింది. కొన్నాళ్లు అందులో కూర్చోనని మొండికేశాడు, తిండి కూడా సరిగ్గా తినలేదు. తరువాత కూర్చున్నాడు. మా అమ్మాయి బడి ఫ్రిజ్‌కు ఇప్పుడు థర్మామీటరూ లేదు, తాళమూ లేదు. లోపల నిండా గిన్నెలున్నాయి. పిల్ల బుగ్గలు మళ్లీ నిండాయి.

కాబట్టి మహాశయులారా, సూచీలను ఊరికే ఆడిపోసుకోకండి! బోర్డులో మీ పిల్లల బడి పేరు పక్కన ఇంకా పచ్చచుక్క వెలుగుతోందా? కంగారుపడకండి. ఆఫీసులో మనవాడు ఒకడుంటే దాన్ని తీయించడం చిటికెలో పని. నాకు బావమరిది ఉన్నాడు. మీకెవరున్నారు?