తాడు కోసిందెవరు?

గొదఫ్రా కెర్‌మాదెక్ నవలలు చదవనివాళ్ళు మా నాంత్ నగరంలో ఉన్నారంటే నేను నమ్మను. ఒకవేళ ఉంటే వాళ్ళలో ఒకరు మా ఇంట్లోనే, అదీ నా భార్యగా ఉండటం నా తలరాత.

మీకు ఆ నవలల సంగతి తెలియకపోతే ముందు అది చెప్పాలి. తలుచుకుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మొదటి నవల మొదటి అధ్యాయంలో, తెల్లవారకముందే, రేవులో కట్టి ఉన్న పడవ తాడును ఎవరో కోసేస్తారు. అందులో నిద్రపోతున్న నావికుడు సముద్రంలోకి కొట్టుకుపోతాడు. అక్కణ్ణుంచి ముప్పై నవలల పాటు ఆ మనిషి మంచుకొండలు దాటి, ఎడారులు దాటి, అగ్నిపర్వతంలోకి దిగి, అక్కడ తీరిగ్గా గడ్డం గీసుకుని పైకొస్తాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న. తాడు కోసిందెవరు? జవాబు ఆఖరి నవలలో ఉంది.

చిక్కల్లా, వీటిని ఏ వరసలో చదవాలన్నది. ఆ మహానుభావుడు ముందుది వెనక, వెనకది ముందు రాసిపడేశాడు. నాయకుడి పెళ్ళి ఎనిమిదో పుస్తకంలో అయిపోతే, ఆ పిల్లను మొదటిసారి చూడటం పద్నాలుగో పుస్తకంలో. అచ్చయిన వరసలో చదవాలనేవాళ్ళు వివేకులు. కథ జరిగిన వరసలో చదవాలనేవాళ్ళు మా మందుల షాపు బుర్దియో లాంటివాళ్ళు. రెండు పక్షాలూ నెలకోసారి ఒక కాఫీ హోటలు మేడ మీద మిత్రమండలి పేరుతో కూర్చుని, శత్రువుల్లా లేచి వెళ్తాం. అచ్చు వరస పక్షానికి నాయకుణ్ణి నేనే. దగ్గు మందు కావలసి వచ్చినా బుర్దియో షాపు మెట్లెక్కను, వంతెన దాటి నది అవతలికి పోయి తెచ్చుకుంటాను.

నా దగ్గరున్నది తాతగారి నాటి సెట్టు. అప్పట్లో పేజీల మడతలు విడదీయకుండానే పుస్తకాలు అమ్మేవారు. చదివేవాడే కత్తి పట్టుకుని ఒక్కో మడతా కోసుకుంటూ ముందుకు పోవాలి. తాతగారు కొన్ని కోసి పోయారు. మిగిలినవి వరస తప్పకుండా నేను కోస్తున్నాను, ఇంకా ఆరున్నాయి. ఆఖరిదాన్ని మైనం కాగితంలో చుట్టి దుప్పట్ల బీరువాలో దాచాను. దాన్ని ముట్టుకోవాలన్నా భయమే, ఎక్కడ ఒక్క ముక్క కంటపడుతుందోనని. ఉద్యోగం విరమించిన రోజున కిటికీ దగ్గర కూర్చుని, మడత మడతా కోసుకుంటూ ఆ పేరు దగ్గరకు చేరాలని నా జీవితాశయం. మా మండలిలో చదవనివాడి ముందు ఆ పేరెత్తితే వెలి వేస్తారు, కాబట్టి అక్కడ నాకు ప్రమాదం లేదు. ప్రమాదం ఇంట్లో ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆగస్టు వస్తే చాలు, మేము లిమూజాఁ ప్రాంతపు పల్లెలో మా అత్తగారింట్లో ఉండాలి. అక్కడ సముద్రం లేదు, ఆవులున్నాయి. అత్తగారు రెండు బుగ్గలకూ ముద్దులు పెట్టి, ఆ తడి ఆరకముందే గొడ్డలి చేతికిచ్చి కట్టెల కొట్టం చూపిస్తుంది. ఈసారి ఎలాగైనా కెర్‌మాదెక్ పుట్టిన దీవికి వెళ్ళాలని నేను పట్టుబట్టాను. పట్టుబట్టినట్టు మా ఆవిడకు తెలియనివ్వలేదనుకోండి. జిస్లేన్‌కు ఆ పుస్తకాల పిచ్చి ఎక్కించానంటే దీవికి పోదామని తనే అంటుంది కదా అని నా ఎత్తు.

మొదటి నవలను వంటింట్లో ఉప్పు వెన్న పక్కన మరిచిపోయినట్టు పెట్టాను. ఎత్తు పారింది. ఒక చేత్తో అట్లు తిరగేస్తూ, రెండో చేత్తో పేజీలు తిరగేసింది. అట్లు మాడాయి. మాడిన అట్లు అంత ఆనందంగా తిన్న మొగుడు ఈ దేశంలో ఇంకొకడు ఉండడు. ఆమె పుస్తకం ముగించిన రోజున, రాత్రి భోజనంలో సూపు దగ్గర మొదలుపెట్టి చివర్న చీజు వచ్చేదాకా, చదివే వరస గురించి ఉపన్యాసం ఇచ్చాను. శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

“ఆ పేరు ఆఖరిదాంట్లో గానీ చెప్పడన్నమాట. ఆఖరిదంటే నా దుప్పట్ల మధ్య దూర్చావే, అదేనా?”

అప్పుడే నాకు గుండె గుభేలుమనాల్సింది. ఉత్సాహంలో ఉన్నాను, తెలియలేదు.

ఆ తర్వాత ఒకనాడు దీవి మాట కదిపాను. జిస్లేన్ పేపర్లో గళ్ళ నుడికట్టు పూరిస్తూ తల ఎత్తకుండానే అంది.

“ఆఖరిది చదివేశాను, ఆన్సెల్మ్.”

“మధ్యలో అన్నీ వదిలేసి?”

“నాకంత ఓపిక లేదు. ఎవరు చేశారో తెలిసిపోతే ప్రాణానికి హాయి. నువ్వూ విను, అదేం పెద్ద...”

“చెప్పకు, నీకు దణ్ణం పెడతాను.”

“చెప్పట్లేదుగా. అమ్మ దగ్గరికి రైలు టిక్కెట్లు తీసుకోమంటున్నాను. తీసుకోకపోతే దిగులుతో నోరు జారుతానేమోనని నా బాధ.”

టిక్కెట్లు తీసుకున్నాను.

ఆ పైన నా బతుకు బతుకు కాదు. కిటికీ తలుపులకు నీలం రంగు వేశాను, నచ్చలేదంటే మళ్ళీ బూడిద రంగు వేశాను. వాళ్ళ మేనత్త పియానో మూడో అంతస్తుకు ఎక్కించాను. ఆదివారం చుట్టాలు భోజనానికొస్తే ఆయిస్టరు గుల్లలన్నీ నేనే తెరిచి, గిన్నెలన్నీ నేనే తోమాను. ఒక్కసారి ఎదురు తిరిగి, ఈ పూట తోమనన్నాను. “ఆ తాడు కోసినవాడున్నాడే, పాపం వాడు కూడా...” అని ఆగింది. నేను అప్పటికే చేతులు సబ్బు నీళ్ళలో పెట్టి, మిగతాది వినపడకుండా జాతీయగీతం పాడుతున్నాను. చుట్టాలు మర్యాదకు లేచి నిలబడ్డారు.

లిమూజాఁలో రైలు దిగేసరికి అత్తగారు గొడ్డలితో సహా ఎదురొచ్చింది.

“అల్లుడూ, అమ్మాయి నాక్కూడా చెప్పింది ఆ తాడు సంగతి. నేనైతే అస్సలు అనుకోలేదు సుమా,” అంది.

ఇక చెప్పేదేముంది? ఆ ఆగస్టులో అత్తగారి కట్టెలే కాదు, పక్కింటివాళ్ళ కట్టెలు కూడా కొట్టాను.

తిరిగొచ్చాక ఒక శనివారం పొద్దున జిస్లేన్ సంతకు వెళ్ళింది. నడుము పట్టుకుని కూర్చున్న నాకు అప్పుడు వెలిగింది. ఆ పేరు నాకూ తెలిసిపోతే ఇక ఆమె దగ్గర ఆయుధమేముంటుంది? ఆశయం పోతే పోయింది, వెన్నెముక దక్కుతుంది. బీరువా తెరిచి, దుప్పట్ల మధ్య నుంచి ఆ పొట్లం లాగి, నేలమాళిగలో ద్రాక్షసారా సీసాల మధ్య దీపం పెట్టుకుని విప్పాను.

ఒక్క మడత కూడా కోసి లేదు.

అటు తిప్పాను, ఇటు తిప్పాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పుస్తకం పుట్టింది పుట్టినట్టే ఉంది. అంటే నా భార్య దీన్ని చదవనే లేదు. కూతురు చదవని పుస్తకం కథ తల్లి కూడా విన్నది. నేను మాత్రం పియానో మోశాను.

బుద్ధిమంతుడైతే పొట్లం మళ్ళీ చుట్టి పెట్టేవాడు. కానీ కత్తి చేతిలో ఉంది. ఒక్క మడత కోశాను. ఇంకొకటి. ఆ తర్వాత ఎవరాపగలరు? తుపాను, తిరుగుబాటు, అదే రేవు, అదే తెల్లవారుజాము. నాయకుడికి కొయ్యకాలు ఉంది, కాలు ఎక్కడ పోయిందో నాకు తెలియదు. భార్య చనిపోయింది, ఎప్పుడో తెలియదు. తెలియనందుకు ఏడుస్తూ, తెలుసుకోబోతున్నందుకు వణుకుతూ ఆ పేరు దగ్గరకు చేరాను. రేవు పూటకూటింటి వంటవాడు. ముసలితనంలో నాయకుడు వాడి చేతి సూపే తాగి వాణ్ణి క్షమిస్తాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను.

జిస్లేన్ ఉల్లిపాయల సంచితో వంటింట్లోకి వచ్చేసరికి నేను నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నాను.

“నీ ఆటలు ఇక సాగవు. ఆ పుస్తకం నువ్వు చదవలేదు. ఒక్క పేజీ కోసి లేదు.”

సంచి బల్ల మీద పెట్టి, నింపాదిగా కోటు విప్పింది.

“కోసి లేదని నీకెలా తెలుసు?”

ఆమె దగ్గరికొచ్చి నా స్వెటరు మీది కాగితపు పొట్టు దులిపింది.

“మధ్యలో ఐదు వదిలేశావన్నమాట. అచ్చు వరస పక్షానికి నాయకుడివి.”

“జిస్లేన్...”

“దగ్గు మందు అయిపోయింది ఆన్సెల్మ్. ఒకసారి బుర్దియో గారి షాపు దాకా వెళ్ళొస్తాను.”

క్రిస్మస్‌కు కూడా లిమూజాఁకే టిక్కెట్లు తీసుకుంటానని అప్పటికప్పుడు నేనే చెప్పాను. ఆమె మళ్ళీ కోటు వేసుకోలేదు. కాస్త ఊపిరి పీల్చుకుని, పోనీ ఒక్క విషయంలోనైనా నాదే పైచేయి కదా అనుకున్నాను.

“తాడు కోసిందెవరో నాకు తెలుసు, నీకు తెలియదు. ఎంత బతిమాలినా చెప్పను.”

“వంటవాడే కదా?” అంది, ఉల్లిపాయలు బల్ల మీద గుమ్మరిస్తూ.

“నీకెలా తెలుసు?”

“మొదటి పుస్తకంలోనే తెలుస్తోందిగా. తెల్లారకముందే లేచి, చేతిలో కత్తితో రేవులో తిరిగేది వంట చేసేవాళ్ళు కాక ఇంకెవరు? నీకు తెలియకపోవడంలో వింత లేదులే.”

కత్తి తీసి నా చేతికిచ్చింది. పెద్దవి ముందు కోయాలా, చిన్నవి ముందా అని అడిగాను.

“నీకు తోచిన వరసలో కొయ్యి,” అంది.