నలభై ఏడో పెట్టె నోరు మూయించబోయిన గాథ

సకల గడియారాల సాక్షిగా మధ్యాహ్నం రెండున్నరై, ఫ్లాస్కులో టీ అడుగంటి, ఏసీ ఎవరిమీదో పగబట్టినట్టు వణికిస్తున్న ఆ మహా ముహూర్తాన, భూగర్భ వలయ సొరంగానికి నెత్తిన కిరీటంలా కూర్చున్న కంట్రోల్ రూములో ఘోర సంగ్రామం రాజుకుంది, వినండి!

కథానాయిక ఎవరయ్యా అంటే మన చెల్లెమ్మ! పద్నాలుగు మానిటర్ల మధ్య కొలువుతీరిన షిఫ్ట్ ఆపరేటరు, ఉద్యోగంలో చేరి పట్టుమని మూడు నెలలు కాని వీరాధివీర! ప్రత్యర్థి? సాక్షాత్తూ సొంత అక్క! ఒకే ప్రయోగానికి మూడేళ్లు తపస్సు చేసి కళ్లజోడు నంబరు రెండుసార్లు పెంచుకున్న పరిశోధకురాలు. ఆవిడకి దక్కిన బీమ్ ఇవాళ అయిదింటిదాకే. ఆ తర్వాత మెషిన్ మరమ్మతులకి ఆర్నెల్లు మూత!

బీమ్ అంటే కాంతితో పోటీపడి పరిగెత్తే ప్రోటాన్ల దండు. చూస్తే వెంట్రుకంత, కానీ పూర్తి బలంతో దారి తప్పిందో, ఉక్కు గొట్టాన్ని జల్లెడ చేసి పారేస్తుంది! అందుకే గొట్టం పొడవునా కాపలా పెట్టెలు. బీమ్ కాస్త పక్కకి ఒలికితే చాలు, కెవ్వుమంటాయి, బీమ్ ఆగిపోతుంది. ఇవాళ చిన్న బీమ్‌తో పరీక్షించిన ప్రతిసారీ నలభై ఏడో పెట్టె కెవ్వు! ఎనిమిదిసార్లు!

దాని నోరు మూయించాలంటే, అదే, అది అరిచినా బీమ్ ఆగకుండా చెయ్యాలంటే, అక్కడొక ఆచారం: రిజిస్టర్‌లో ఇద్దరు సంతకం పెట్టాలి. ఇన్‌చార్జి గారు ఎప్పుడో పెట్టేశారు. మిగిలింది చెల్లెమ్మ.

"అది ముసలి పెట్టెమ్మా, గాలొచ్చినా అరుస్తుంది, వానొచ్చినా అరుస్తుంది. పెట్టెయ్," అన్నారాయన.

"నిజంగా ఒలుకుతుంటే సార్?"

అక్క ఉగ్రరూపం దాల్చింది. "ఒసేయ్! చిన్నప్పుడు నీ ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టింది ఎవరే? ఆ విశ్వాసం ఏదే?"

"ఆ సంతకానికే కదా ఇద్దరి వీపులూ విమానం మోత మోగాయి! వినుము అక్కా! సొరంగంలో దిగి కళ్లారా చూసేదాకా ఈ పెన్ను మూత తియ్యను!"

"రేడియేషన్ తగ్గాలంటే అరగంట ఆగాలే!"

"ఆగుతా!"

"సరే! ఆ పెట్టె చెప్పేది నిజమైతే నెల రోజులు ఇంట్లో గిన్నెలన్నీ నేను తోముతా. అబద్ధమైతే నువ్వు, యావజ్జీవం!"

గది గదంతా "హమ్మో" అంది.

మూడింటికి, శిరస్త్రాణధారిణులై, వక్షస్థల విలంబిత బ్యాడ్జీలతో, అక్కాచెల్లెళ్లు పాతాళ ప్రవేశం చేశారు. నలభై ఏడో పెట్టె పక్కనే ఒక పలక ఉంది. బీమ్ ఆకారం చూడ్డానికి గొట్టంలోకి దించి, చూశాక పైకి లాగేస్తారు. అక్క ప్రయోగానిదే. పైన స్క్రీన్ మీద 'పైకి వచ్చింది' అని ఉంది. వచ్చింది కూడా, దాదాపు. దాదాపే! చివర్లో గోరంత ముక్క బీమ్ దారిలోనే ఇరుక్కుపోయింది. దాన్ని పైకి లాగే ఇనప చేతికి ఒక తెల్ల ప్లాస్టిక్ టై కొస అడ్డం. నిన్న ఎవరో పక్కనున్న వైర్లని ముచ్చటగా కట్టి, కొస కత్తిరించకుండా వదిలేశారు!

చెల్లెమ్మ ఆ టైని చూసింది. ఇంట్లో ఛార్జర్‌కీ, మిక్సీ వైరుకీ, ఆఖరికి ఇయర్‌ఫోన్లకీ ఉండే టై! అక్కని చూసింది. అక్క సొరంగం పైకప్పుని మహా శ్రద్ధగా పరిశీలిస్తోంది.

అంతట వీరనారి, తాళాలగుత్తికి వేలాడే నెయిల్ కట్టర్‌ని ఒరలోని ఖడ్గంలా దూసి, కళ్లు చిట్లించి, నాలుక పంటికింద నొక్కి, ఒక్క పెట్టున... టక్! తెగింది! పలక సర్రున పైకి!

మూడూ నలభైకి చిన్న బీమ్. నిశ్శబ్దం. కాస్త పెద్దది. నిశ్శబ్దం. పూర్తి బలం! నలభై ఏడో పెట్టె కిక్కురుమనలేదు. ఇందాకే ఆ పూర్తి బీమ్ వదిలుంటే పలకా, గొట్టమూ, అక్క మూడేళ్లూ కలిసి కరిగిపోయేవి. ఇన్‌చార్జి గారు గట్టిగా దగ్గి, తన సంతకం తనే కొట్టేసుకున్నారు. అయిదింటికల్లా అక్కకి గంటసేపటి డేటా, కళ్లనిండా నీళ్లు.

చెల్లెమ్మ రిజిస్టర్‌లో రాసింది: 'కారణం: ప్లాస్టిక్ టై. విరుగుడు: నెయిల్ కట్టర్.'

అక్క చెవిలో గొణిగింది. "ఎవరు కట్టారో రాయకే, ప్లీజ్."

"రాయన్లే. పొద్దున మాడిన పాలగిన్నె సింకులో నానుతోంది, దాంతో మొదలెట్టు."

గోళ్లు కత్తిరించే ఆయుధంతో గోరంత శత్రువుని చీల్చి, ముప్పై దినముల పర్యంతం అంట్లచెర నుండి విముక్తురాలైన చెల్లెమ్మకి జయము! జయము!