హోదాకు తగిన వర్షన్

జనన ధ్రువపత్రాల కార్యాలయంలోని ఏకైక ముసలి కంప్యూటరుకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వర్షన్ సరిపోతుందో తేల్చే ఉన్నతస్థాయి సమావేశం దిగ్విజయంగా ముగిసిందని ప్రజలకు తెలియజేయడమైనది. సమావేశంలో ఆ కంప్యూటరును గురించి తప్ప అన్నిటి గురించీ చర్చించారు.

ఉన్న వర్షన్‌కు కాలం చెల్లింది, మార్చక తప్పదు. సరికొత్తది వద్దనీ, దానికి ఒక మెట్టు కిందిది వేస్తే ఈ పెట్టె హాయిగా నడుస్తుందనీ మెకానిక్ చెప్పాడు. అధికారిగారు నొచ్చుకున్నారు. ఆ ఆఫీసులో కుర్చీ ఎత్తు దగ్గర్నుంచి ఫ్యాను గాలి దాకా అంతా హోదా ప్రకారమే.

"కుళాయిల శాఖలో సరికొత్తది ఉంది. మనుషులు పుట్టారని ధ్రువీకరించే శాఖ మనది. వాళ్లకంటే ఒక మెట్టు దిగమంటావా?" అన్నారాయన. చప్పట్లు మోగాయి. సరికొత్తదే వేశారు, రిబ్బను కత్తిరించారు. ఆనాటినుంచి తెరమీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఎంత నిలకడగా తిరుగుతోందో అని అధికారిగారు మెచ్చుకున్నారు కూడా.

గుమాస్తాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. కిటికీ అవతల వరుసలో అందరికంటే ముందు ఒక తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. బడిలో చేర్చుకోవడానికి ఆ సాయంత్రమే గడువు. పత్రం లేకపోతే పిల్లకు ఏడాది దండగ. ఆమె మొహం చూడలేక, అధికారిగారు భోజనానికి వెళ్లగానే మెకానిక్‌ను పిలిపించి గుట్టుచప్పుడు కాకుండా కింది వర్షన్ వేయించాడు. అధికారిగారి భోజనమూ, ఆపైన కునుకూ కలిస్తే ఆ పనికి బోలెడు వ్యవధి. పెట్టె ఒళ్లు విరుచుకుని లేచింది. పత్రం వేడివేడిగా బయటికొచ్చింది. ఉద్యోగంలో చేరాక తనవల్ల ఒకరికి పని జరగడం ఇదే మొదలని గుమాస్తా మురిసిపోయాడు.

ఇందాకటిదాకా మొరాయించింది ఇప్పుడెలా పనిచేసిందని ఆవిడ అడిగింది. మురిపెంలో ఉన్న మనిషి నిజం చెప్పేశాడు.

ఆవిడ మొహం మాడిపోయింది. "మా తోడికోడలి కూతురికి పక్క ఊళ్లో సరికొత్తదాంట్లోనే తీసిచ్చారు. మా పిల్లకేమో తక్కువ రకమా?"

"ఇందులో రకాలేం లేవమ్మా, కాగితం ఒకటే. సాయంత్రం గడువు దాటితే బడిలో చేర్చుకోరు."

"చేర్చుకోకపోతే మానె. రేపు నలుగురిలో తలెత్తుకోవద్దూ?"

పత్రం తిరిగిచ్చేసి, పిల్లను లాక్కుని వరుసలో చివరికి వెళ్లి నిలబడింది. ఆ ఆత్మగౌరవానికి జనం అబ్బురపడి, తమకూ సరికొత్తదే కావాలని పట్టుబట్టారు. వరుస ఇప్పుడు వీధి మలుపు దాటింది. అక్కడ నిలబడి ఇది చదువుతున్నవారు నవ్వడం ఆపి, దయచేసి కాస్త ముందుకు జరగాలి.