పరుపు మీద పంతులుగారు

పొద్దున్నే పనివాళ్లకు హాజరు వేసి, మధ్యాహ్నం మూడింటికల్లా రావిపాడు పరుపును బండెక్కించాలని ఆనందరావు అనుకున్నాడు. సర్కారు రిటైరు వయసు యాభై ఐదుకు దించిన ఏడు ఆయన బడి నుంచి బయటపడ్డాడు. నరసరావుపేటలో పరుపుల కొట్టు పెట్టి నెలయింది. ఇదే మొదటి పెద్ద బేరం, రావిపాడు ఇన్నయ్య కొడుకు పెళ్లికి బూరుగుదూది పరుపు. ఇది నచ్చితే ఆ ఊరంతా వస్తుంది. తిరిగొస్తే కొట్టుకు తాళమే.

ఆయన బాధల్లా పనివాళ్లతోనే. దూదేకే ఇమాం సాహెబు, కుట్టే అతని భార్య బీబీ, ఏ పరుపు పూర్తయినా దానిమీద ఓ కునుకు తీసేవారు.

"ఏందిది ఇమాం సాహెబూ? కొట్టా, సత్రమా?"

"పడుకోందే లోపలి గడ్డలెట్టా తెలుస్తయ్యి అయ్యవారూ? మా నాయన కాణ్ణుంచీ ఇంతే."

ఆనందరావు గోడకు నల్లబల్ల తగిలించి సుద్దముక్కతో రాశాడు. పనివారు పరుపు ఎక్కరాదు. సొంత తెలివి వాడరాదు. చెప్పిన వేళకు సరుకు బండెక్కవలెను. దారిలో ముచ్చట్లు కూడదు. చివరిది బండి తోలే ఏసయ్య కోసం. వాళ్లకు చదువు రాదని రెండుసార్లు చదివి వినిపించాడు.

"అట్టాగే అయ్యవారూ," అన్నాడు ఇమాం సాహెబు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆయనకు నచ్చింది.

పన్నెండింటికి పరుపు పూర్తయింది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు.

"గడ్డలున్నయ్యేమో, చూడండి," అన్నాడు ఆనందరావు.

"మేం ఎక్కరాదంటగా."

చేసేది లేక ఆనందరావే ఎక్కి పడుకున్నాడు. కిటికీ ఎండలో దూది పీచులు తేలుతున్నాయి. వాటిలో ఒక్కదానికీ నేల చేరాలన్న తొందర లేదు. ఇమాం సాహెబు దూదేకే విల్లు టుంగు టుంగుమంటూ ఎక్కడో దూరాన మోగింది. కొట్టు పెట్టిన నాటినుంచీ కంటిమీద కునుకు లేని మనిషి. మూడో పీచు వరకే లెక్కపెట్టగలిగాడు.

మూడింటికి బండి వచ్చింది.

"అయ్యవారిని లేపుదామా?" అంది బీబీ.

"లేపమని రాశాడా?"

"రాయలా."

"మరి సొంత తెలివి వాడబాక. ఆ కొస పట్టు."

ముగ్గురూ కలిసి పరుపును పసిబిడ్డనెత్తినట్టు ఎత్తి బండిలో పెట్టారు.

కలలో ఆనందరావు మబ్బు మీద కొండవీటి కొండ దాటుతున్నాడు. కింద ప్రత్తి చేల మధ్య దారిలో, కలుపు తీసి వస్తున్న కరుణమ్మ బండికి ఎదురొచ్చింది.

"పేట పంతులుగారు కదరా ఏసయ్యా! ఏమైంది?"

ఏసయ్యకు నల్లబల్ల గుర్తొచ్చింది. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"ఓరి దేవుడో! మా పిల్లోడికి ఎక్కాలు చెప్పినాయన!" అని గుండెలు బాదుకుంటూ కరుణమ్మ బండి వెనకాల నడిచింది. కాలవ దగ్గర పదిమంది అయ్యారు. ఊరి మొగలో ముప్పై మంది. ఎవరో సైకిలు మీద ముందు పోయి కబురు చెబితే, చర్చి గంట చావుకు కొట్టినట్టు ఒక్కొక్క దెబ్బే నిదానంగా మోగింది.

గంట విని ఆనందరావు చటుక్కున లేచి కూర్చున్నాడు. "లైన్లో నిలబడండి!" అని అరిచాడు.

ముప్పై మందీ నిలబడ్డారు. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. బతికున్నాడన్న సంగతి ఆ తర్వాత తట్టింది.

పెళ్లి పందిట్లోంచి ఇన్నయ్య ఉరికొచ్చాడు. "శుభమా అని పెళ్లి పెట్టుకుంటే, శవం ఎక్కిన పరుపు తెస్తారంటయ్యా? తిప్పండి బండి!"

కొట్టు తలుపుకు తాళం కప్ప ఆనందరావు కళ్ల ముందు ఊగింది.

ఇన్నయ్య తల్లి ఆరోగ్యమ్మ కర్ర పట్టుకుని వచ్చి పరుపును అరచేత్తో నొక్కింది.

"ఆగరా. శవమేంది, కూర్చుని ఆవలిస్తుంటే! ఈ గుంతల దారిలో, ఇంతమంది ఏడుస్తుంటే మనిషికి మెలకువే రాలా. దించండి పరుపు. పంతులూ, నా నడుముకీ ఒకటి చెయ్యి."

"చానా ఏడిపిచ్చావయ్యా," అంటూ కరుణమ్మ కళ్లు తుడుచుకుంది. "నాకూ ఒకటి." మిగతావాళ్లు లైను తప్పకుండా ఒక్కొక్కరే ముందుకొచ్చారు.

మర్నాడు హాజరుపట్టీలో నాలుగో పేరు చేరింది. దాని ఎదురుగా, ఇమాం సాహెబు చెబుతుంటే, ఆనందరావే స్వయంగా రాసుకున్నాడు: మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పడక పని, సొంత తెలివి అక్కర్లేదు.