బండల చంద్రకాంతుని మిత్తి సమరం

స్వస్తి! కందిపప్పు కమ్మదనమునకును నాపబండల నునుపుదనమునకును దశదిశల వాసికెక్కిన తాండూరుపురంబున, వికారాబాదు దిక్కుగా ప్రాతఃకాలపు ప్యాసింజరు కూతవేయు శుభవేళ, కిటికీపక్క సీటును కండువా విసిరి జయించి ఆసీనుడైన వీరుడొకడు గలడు. అతడే చంద్రకాంతుడు, శిలాఫలకవిక్రయధురంధరుడు, బేరసారప్రచండుడు, ఇంట మాత్రం మితభాషి. పక్కన ధర్మపత్ని పద్మారాణి. ఆమె ఒడిలో సంచి, సంచిలో ఆమె చిట్టీ ఎత్తిన సొమ్ము. వికారాబాదు బస్టాండు చేరువన ఆమె పెట్టబోవు కుట్టుదుకాణమునకు నేడే అడ్వాన్సు కట్టవలె. ఆలస్యమైతే ఆ మడిగె, అనగా ఆ దుకాణపు గది, వేరొకరి పాలు.

కానీ వీరుని కన్ను ఆ సంచి మీద పడింది. డాలరు విలువను అంటిపెట్టుకొని యుండు స్టేబుల్ కాయిన్లనెడి డిజిటలు నాణెములను తనవద్ద దాచినవారికి, బ్యాంకులు కలలోనైనా ఇయ్యని వడ్డీ ఇత్తునని ఒక మాయాయాప్ ఫోనులో ఊరించుచుండగా, అతడిప్పటికే సొంతసొమ్ము కొంత దానికి సమర్పించి, దినదినప్రవర్ధమానమగు మిత్తిని కాంచి మీసము మెలివేయుచుండెను. తాండూరులో వడ్డీని మిత్తి అంటారు. పాత కావ్యాల్లో మిత్తి అంటే మృత్యువు. ఈ సంగతి మనవాడికి ఎవరూ చెప్పలేదు పాపం.

"వినుము పద్మారాణీ!" అని అతడు గర్జించెను. "స్టేబుల్ అనగా స్థిరము! మన నాపబండ వలె నిశ్చలము! ఝంఝామారుతములకు చలింపదు, ప్రళయవర్షమునకు కరగదు! నీ సంచిని ఈ అక్షయపాత్రయందు నిక్షేపింపుము. ఏడాది తిరుగులోపు ఒకటి కాదు, రెండు దుకాణములు!"

పద్మారాణి వేయించిన పల్లీల పొట్టు ఊదుతూ అన్నది: "బండ కదలదు, నిజమే. లారీ కదులుతది గద? బొంరాస్‌పేటకని మన బండలెక్కిచ్చుకొని పోయిన లారీ యాడికి వోయిందో నీకు ఇప్పటికన్న ఎర్కైందా?"

వీరుడు ఉలిక్కిపడెను. పుండు మీద కారం పడింది మరి.

"నీ కాయిన్ మంచిదే అనుకో. గా యాప్ దాన్ని ఎవలికి అప్పిచ్చిందో, గంత మిత్తి యాడికెల్లి తెస్తుందో అడిగినవా? ముందుగాల నువ్వేసింది బైటికి తియ్యి. వస్తే నా సంచి ఇస్త."

ఇక చూడవలె ఆ సంగ్రామము! రోషారుణనేత్రుడై, బొటనవ్రేలినే బ్రహ్మాస్త్రముగా సంధించి, చంద్రకాంతుడు 'విత్‌డ్రా' మీటపై విరుచుకుపడెను. తెరపై చక్రము తిరిగెను. ధారూరు దాటగానే సిగ్నల్ మాయమయ్యెను. సిగ్నల్ వచ్చెను, ఓటీపీ రాకపోయెను. ఓటీపీ వచ్చెను, గడువు మీరిపోయెను. తుదకు శత్రుశిబిరము నుండి వర్తమానము వెలువడెను: "వినియోగదారుల క్షేమార్థం అసలు సొమ్ము చెల్లింపు తాత్కాలికంగా నిలిపివేయబడినది."

తెర మీద నాణెం డాలరుకు డాలరుగానే నిగనిగలాడుతోంది. చేతికి మాత్రం రాదు. బండ పదిలమే, లారీయే పోయింది. రాతిపొడి మింగుతూ సంపాదించిన సొమ్ము అది. వాడిన ఆ ముఖం చూసి నవ్వడానికి నాకూ మనసు రాలేదు.

"పరేషాన్ గాకు," అన్నది పద్మారాణి మెల్లగా. "జర కిందికి జరిపి చూడు."

కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఆశ చావకుండా కాబోలు, మిత్తి మాత్రం తీసుకోవచ్చట. నొక్కెను. ఫోను టింగుమనెను. "దక్కెను! దక్కెను!" అను సింహనాదమునకు పైబెర్తులో నిద్రిస్తున్న పెద్దమనిషి లేచి కూర్చుని, వికారాబాదు వచ్చిందనుకొని చెప్పులు వెతుక్కొనెను.

ప్లాట్‌ఫారం మీద ఆ మిత్తి ఒక్క చాయ్‌కి సరిపోయింది. ఇద్దరూ చెరిసగం తాగారు. సంచి ముడి మడిగె యజమాని ఎదుటే విప్పింది పద్మారాణి. తాళంచెవి ఆమె చేతికొచ్చింది. చంద్రకాంతుడు గుమ్మం దగ్గర నిలబడి, వంగి, పగిలిన గడపను తడిమాడు.

"గీ గడపకు మన బండ నేనేస్త," అన్నాడు, కావ్యభాష మరిచిపోయి.

"ఎయ్యి. గాని లారీల పంపకు. నువ్వే మోస్కొని రా."

ఇట్లు అసలును మాయాపురికి అర్పించి, మిత్తిని అరగ్లాసు చాయ్‌గా ఆస్వాదించి, ఆలి సంచి జోలికి పోక బతికి బయటపడిన బండల చంద్రకాంతుడు విజయుడాయెను! అతని నడుము ఆ బండ మోసేదాకా చల్లగా ఉండుగాక!