తొమ్మిదో నంబరు గోడ

నాలుగింటికి ఆట. మూడింటికల్లా మైదానానికి చేరాలి. ఆలోపు రెండు చొక్కాలకు నంబర్లు కుట్టాలి, భార్య కోటుకు కుడిది ఎడమకూ ఎడమది కుడికీ పడిపోయిన చేతులు విప్పి సరిచేయాలి. ఆ ఉదయం దర్జీ వేసుకున్న ప్రణాళిక ఇంతే. అందులో మామగారు లేరు. మామగారు ఎనిమిదింటికే దిగారు.

ఆయన ముప్పై ఏళ్లు రైలు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. నాలుగింటి ఆటకు ఎనిమిదింటికి రావడం ఆయన దృష్టిలో కాస్త ఆలస్యం కిందే లెక్క. చంకలో ఒక సంచి, సంచిలో ఉద్యోగం నాటి ఆకుపచ్చ జెండా. ఊరి ఫుట్‌బాల్ జట్టు రంగు కూడా ఆకుపచ్చే కాబట్టి పనికొస్తుందని తెచ్చుకున్నారు.

అసలు ఆయన రావడమే ఒక వింత. ఆయన కొడుకు ఏడేళ్లుగా ఊరి జట్టులో వెనక వరసలో నిలబడి బంతిని ఆపుతున్నాడు. మనిషి భారీ విగ్రహం, అందరూ గోడ అనే పిలుస్తారు. తండ్రి మాత్రం ఒక్కసారీ ఆటకు వెళ్లలేదు. గోడను చూడ్డానికి టికెట్టెందుకు, ఇంట్లో నాలుగున్నాయిగా అనేవారు. ఈసారి వస్తున్నది బంతి మొహం చూడనివాళ్లకు కూడా పేరు తెలిసిన పెద్ద క్లబ్బు. గెలిచినా ఓడినా పట్టికలో చేరని స్నేహపూర్వక ఆటే అయినా ఊరంతా కదులుతోంది.

గోడ ముందురోజు అక్కకు ఫోన్ చేశాడు. కోచ్ తన స్థానంలో కొత్తవాణ్ణి చూసుకున్నాడట, బహుశా ఇదే తన చివరి ఆట అట. "నాన్న ఒక్కసారి వచ్చి చూస్తే చాలక్కా" అన్నాడు. అక్క చివరి ఆట సంగతి తండ్రికి చెప్పలేదు, రమ్మని మాత్రం చెప్పింది. భర్తకు రెండూ చెప్పి, తమ్ముడి ఆట సవ్యంగా జరగాలి, మీరేమీ చెడగొట్టకండి అని హెచ్చరించింది. దర్జీ నొచ్చుకున్నాడు. బంతాటలో దర్జీ చెడగొట్టడానికి ఏముంటుంది?

దుకాణంలో బల్ల మీద రెండు కొత్త చొక్కాలు మిగిలి ఉన్నాయి. ఒకటి సన్నం, ఒకటి వెడల్పు. సన్నది జట్టులో గోల్సన్నీ కొట్టే బాణం అనే కుర్రాడిది, నంబరు తొమ్మిది. వెడల్పుది గోడది, నంబరు నాలుగు. ఏ చొక్కాకు ఏ నంబరో కోచ్ చీటీలు రాసిచ్చాడు. గుండుసూదులు అయిపోవడంతో దర్జీ ఆ చీటీలను చొక్కాల మీద ఊరికే పెట్టి, దారం కోసం లోపలికి వెళ్లాడు. ఇస్త్రీపెట్టె వేడికి మామగారికి ఉక్కపోసింది. లేచి ఫ్యాను వేశారు.

చీటీలు రెండూ ఎగిరి కుట్టుమిషను కిందకు పోయాయి. మామగారు వంగి, నడుం పట్టుకుని, రెండూ ఏరి తెచ్చారు. ఏది దేని మీదిదో ఆయనకు తెలియదు. ఒక్క క్షణం ఆలోచించి, పెద్ద నంబరును పెద్ద చొక్కా మీదా, చిన్న నంబరును చిన్న చొక్కా మీదా పెట్టి, ఈసారి ఎగరకుండా కత్తెర బరువు కూడా పెట్టారు. సర్దిపెట్టిన పనిని చెప్పుకునే అలవాటు లేని మనిషి. అల్లుడు తిరిగొచ్చేసరికి కూర్చుని గడియారం చూసుకుంటున్నారు.

దర్జీకి చీటీ ఏం చెబితే అది కుట్టడమే తెలుసు. చొక్కా ఎవరిదని తల పైకెత్తి ఆలోచించడు. కోటు చేతులు తారుమారైంది కూడా ఆ పద్ధతి వల్లే. పైగా పక్కన మామగారు నిమిషానికోసారి టైము చెబుతున్నారు. కుట్టు పూర్తయింది, చొక్కాలు మైదానానికి వెళ్లిపోయాయి, కోటు మాత్రం మేకుకే ఉండిపోయింది. భార్య దాని వంక ఓసారి చూసి, పాత శాలువా కప్పుకుని బయల్దేరింది.

వాళ్లు గ్యాలరీలో కూర్చుని పావుగంటైనా కాలేదు, దర్జీకి కిందినుంచి కబురొచ్చింది. ఆటగాళ్ల గదిలో అడుగుపెట్టగానే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. బావమరిది వీపు మీద తొమ్మిది ఉంది. బాణం వీపు మీద నాలుగు ఉంది. మార్చి తొడుక్కోమంటే, బాణం వెడల్పు చొక్కాలో కర్టెను వెనక దాక్కున్నట్టు కనిపించాడు. గోడ సన్న చొక్కాలో తల వరకే దూరాడు. విప్పి కుట్టడానికి టైము లేదు.

కోచ్ ముఖం కందగడ్డలా ఉంది. రిఫరీ మాత్రం స్నేహపూర్వక ఆటే కదా, జాబితాలో పేర్లు దిద్ది అవతలి జట్టుకో కాపీ ఇస్తే సరిపోతుందన్నాడు. దిద్దిన కాగితం ఇచ్చారు. అవతలి కోచ్ దాన్ని చూడకుండానే మడిచి నీళ్ల సీసా కింద పెట్టుకున్నాడు.

"మ్యాచ్ కానీ, నీ సంగతి చెబుతా" అన్నాడు కోచ్ దర్జీతో.

"నా చివరి ఆట బావా" అన్నాడు గోడ, అంతకంటే మెల్లగా. దర్జీకి కోచ్ మాటకంటే ఆ మాటే ఎక్కువ తగిలింది.

పైకి వచ్చి కూర్చున్నాక ఎందుకు పిలిచారని భార్య అడిగింది. బొత్తాం ఊడిందన్నాడు. ఆ చొక్కాలకు బొత్తాలుండవని ఆమెకు తెలుసు. తండ్రి పక్కన ఉన్నారని ఊరుకుంది.

ఆట మొదలైంది. పెద్ద క్లబ్బువాళ్లకు బాణం పేరూ నంబరూ తప్ప ముఖం తెలియదు. తొమ్మిదో నంబరును ఒంటరిగా వదలొద్దు, ఎక్కడికి పోతే అక్కడికి పొండి అని వాళ్ల కోచ్ ఇద్దరిని పురమాయించాడు. ఆ ఇద్దరూ వచ్చి గోడకు చెరోపక్కా నిలబడ్డారు. గోడ తన గోలు ముందు నిలబడ్డాడు. వాళ్లూ అక్కడే నిలబడ్డారు. అతను బూటు లేసు కట్టుకోవడానికి వంగితే వాళ్లూ వంగి చూశారు. మైదానం అవతలి కొస ఖాళీ అయిపోయింది. నాలుగో నంబరు వేసుకున్న బాణాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఇరవయ్యో నిమిషంలో గోలు కొట్టాడు.

ఊరంతా ఎగిరి గంతేసింది. మామగారు మాత్రం కొడుకునే చూస్తున్నారు.

"ఆ ఇద్దరూ మనవాడి వెంట ఎందుకు పడుతున్నారయ్యా?"

దర్జీ మైదానం వైపే చూస్తూ చెప్పాడు. "వాడంటే భయం మామయ్యా."

"అంత పెద్ద క్లబ్బుకా?"

"అంత పెద్ద క్లబ్బుకే."

మామగారు వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నారు. ముందు వరసలో అడ్డుగా లేచిన పెద్దమనిషిని, అక్కడ మా అబ్బాయి ఉన్నాడు, కూర్చోండి అని భుజం తట్టి కూర్చోబెట్టారు.

రెండో సగంలో పెద్ద క్లబ్బు లెక్క సమం చేసింది. అంతటితో దర్జీ కొరుక్కునే గోళ్లన్నీ అయిపోయాయి. ఐదు నిమిషాలుందనగా ఊరి జట్టుకు కార్నర్ దొరికింది. గోడకు అప్పటికే విసుగు నషాళానికెక్కింది. గంటకు పైగా చెరో చెవిలో ఊపిరి తగులుతుంటే ఎవరికి మాత్రం పిచ్చెక్కదు? వీళ్లను వదిలించుకుంటే చాలనుకుని పరుగు పెట్టాడు. ఏడేళ్లలో మొదటిసారి మైదానం సగం గీత దాటాడు. ఇద్దరూ వెంటపడ్డారు. అవతలి గోలు ముందుదాకా పోయి, వెనక ఎంతదూరంలో ఉన్నారో చూద్దామని బంతికి వీపు పెట్టి తిరిగాడు. సరిగ్గా అప్పుడే వచ్చిన బంతి ఆ వీపుకు, తొమ్మిది అంకె నట్టనడుమ, ఠపీమని తగిలి గోల్లోకి పోయింది.

గోల్ కొట్టింది ఎవరో తెలియక వెతుక్కుంటున్న గోడ మీద పదిమందీ పడ్డారు. భార్య శాలువా గాల్లోకి విసిరేసింది. మామగారు లేచి నిలబడి, సంచిలోంచి జెండా తీసి, చెయ్యి పూర్తిగా చాచి ఊపారు. ఏ రైలుకూ అంతసేపు ఊపి ఉండరు. ఊపుతూనే ఏడ్చారు. కింద కొడుకు ఆ జెండాను చూసి గుర్తుపట్టాడు, రెండు చేతులూ పైకెత్తాడు. ఏడేళ్లు ఎదురుచూసింది ఈ ఒక్కదాని కోసమే. దర్జీ కళ్లు కూడా తడిశాయి.

ఆట రెండు ఒకటితో ముగిసింది. అవతలి కోచ్ వచ్చి చెయ్యి కలిపి, ఇలాంటి ఎత్తు తన సర్వీసులో చూడలేదన్నాడు. మన కోచ్ తల వంచి, ఏదో చిన్న ప్రయత్నమన్నాడు. తర్వాత దర్జీని పక్కకు పిలిచి, ఈ పొరపాటు మన ఇద్దరి మధ్యే ఉండాలని, వచ్చే ఏడాది కూడా గోడ ఆడతాడని, ఆ చొక్కా అలాగే ఉంచమని చెప్పాడు.

ఇంటికి నడుస్తూ దర్జీ మనసు ఆపుకోలేక నిజం కక్కేశాడు. నంబర్లు తారుమారుగా కుట్టానని, క్షమించమని అడిగాడు.

"నీదేం తప్పు? చీటీలు గాలికెగిరితే పెట్టింది నేను" అన్నారు మామగారు. "పెద్ద చొక్కాకు పెద్ద నంబరు. ఇందులో తారుమారేముంది?"

దర్జీ నడిరోడ్డు మీద ఆగిపోయాడు. పోయిన పరువు తిరిగొచ్చినట్టయింది. చూశావా, కొన్ని తారుమార్లు బయటికి పొరపాట్లలా ఉన్నా లోపల వ్యూహం ఉంటుంది అన్నాడు భార్యతో.

"మరి నా కోటు చేతుల్లో ఏం వ్యూహం ఉందండీ?" అందామె.

మర్నాడు దర్జీ దుకాణం తెరిచి, ఫ్యాను ఆపి, మొట్టమొదట కోటు కుట్టాడు.